మా మేనత్త చేతి వంట

ముందే ఒప్పుకుంటే మంచిది. ఆ విషయంలో నాకన్నా తెలివితక్కువవాడు ఆ ఊళ్ళో లేడు. అందరి ఆకలీ ఒక్కటే కదా, అందుకని అందరికీ ఒక్క కుండలో వండొచ్చు అనుకున్నాను. ఆకలి ఒక్కటే అన్నది నిజమే. కుండ దగ్గరే నా లెక్క తప్పింది. అప్పటికి నేను ఆ ఊరి బడిలో చెప్పేది లెక్కలే. మా నాయిన నారాయణపేటలో చీరలు నేసేవాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవడం నాకు చేతకాక, నాలుగక్షరాలు నేర్చుకుని, సారు ఉద్యోగం సంపాదించుకుని, మోత్కూర్ దాటాక బస్సు దిగి రెండు కోసులు నడిస్తే వచ్చే ఆ ఊరికి పోయాను. పోయి అక్కడ ఏకంగా నేతను కావాలనుకున్నాను. ఇంట్లో నేత రానివాడు ఊళ్ళో నేత ఎట్లా అవుతాడని నన్ను అడిగినవాళ్ళు లేరు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా కాలనీ వాళ్ళు పోయిన నెలలో పెట్టుకున్న విహారం. పదిహేను కుటుంబాలు, రెండు బస్సులు. మా కోడలు పొద్దున ఆరు గంటలకే అన్నం, పప్పు, కూర హాట్‌బాక్సుల్లో సర్దేసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు చెట్ల కింద దుప్పట్లు పరిచి మూతలు తీస్తే గుప్పున ఆవిరి లేచింది. పిల్లలెవరూ ఆ ఆవిరిని చూసి ఆశ్చర్యపోలేదు. డబ్బాలు చేతులు మారాయి, మీ పప్పు మాకు, మా పులిహోర మీకు. అంతలో పక్కింటి పెద్దమనిషి ముద్ద నోట్లో పెట్టుకుని, "అబ్బ, ఈ పప్పు ఎవరు వండారండీ?" అని అడిగాడు. మామూలు మెచ్చుకోలు. నాకు మాత్రం పొలమారింది. కోడలు నెత్తి మీద తట్టింది, మనవడు నీళ్ళిచ్చాడు, అందరూ మిరపకాయ అనుకున్నారు. ఆ ప్రశ్న అరవై ఏళ్ళ కింద ఒకసారి నన్ను అడిగారు. అప్పుడు నేను చెప్పిన జవాబే గొంతుకు అడ్డం పడిందని వాళ్ళకెట్లా చెప్పను?

ఆ ఊరి బడి అంటే మట్టిగోడలు, వాటి మీద తాటాకు కప్పు. వాన పడితే సెలవు, ఎండ కొడితే సగం సెలవు. నేను వచ్చిన రెండేళ్ళకు ఊరంతా కలిసి రాళ్ళు మోసి కొత్త గది లేపారు. గోడలు లేచాయి గాని కప్పు మిగిలింది. అప్పట్లో కప్పంటే దూలాల మీద ఇటుకలు పేర్చి, దాని మీద డంగు సున్నం, ఇటుక ముక్కలు కలిపిన గచ్చు పోసి, అది రాయిలా బిగిసేదాకా చేతి చెక్కలతో కొట్టాలి. ఆడవాళ్ళు వరసలు కట్టి గొంతుక్కూర్చుని, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుకుంటూ, ఒక్క తాళంలో కొడతారు. ఆ వాసన, కొంచెం తీపి, కొంచెం వగరు, అడుగున సున్నం ఘాటు, ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మేస్త్రీ ఒకే మాట చెప్పాడు: "మొదటి దినం పొద్దు పొడిచినకాంచి పొద్దుగూకేదాంక చెక్క ఆగొద్దు సారూ. ఆగితే పగుల్తది. పగిలితే పిలగాండ్లు బళ్ళె గొడుగు పట్టుకోని సదువుకోవాలె."

అంటే ఆ రోజు ఏ ఇంట్లోనూ పొయ్యి దగ్గర మనిషి ఉండదు. వంతులవారీగా దిగి, అక్కడే తిని, మళ్ళీ పైకెక్కాలి. ఎవరి సద్ది వాళ్ళు తెచ్చుకోవడం ఊరి అలవాటు. కాని చలి ముదిరిన రోజులవి, జొన్న ఇంకా చేలోనే ఉంది. ఊరికి తూర్పున, అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన వాడలో, సద్ది కట్టుకోవడానికి మూట గుడ్డ తప్ప ఏమీ లేని ఇళ్ళు చాలా ఉన్నాయి. పైన కాపుల ఆడవాళ్ళు, కురుమల ఆడవాళ్ళు, సాలెల ఆడవాళ్ళు, వాడలోని కిరస్తానీ ఆడవాళ్ళు పక్కపక్కనే కూర్చుని ఒకే కప్పు కొడతారు. కింద దిగితే ఒకరు తింటారు, ఒకరు చూస్తారు. అందుకని తెల్లవారుజామునే వండి, మధ్యాహ్నానికి పొగలు కక్కే వరి అన్నం అందరికీ పెట్టాలని నేను తీర్మానించాను. జొన్న గటక తినే ఊళ్ళో వరి అన్నమే పండుగ. అదీ వేడిగా అంటే పెళ్ళి. ఒక కాగితం మీద పటం కూడా గీశాను. ఎన్ని శేర్ల బియ్యం, వండడానికి ఎన్ని దేగిసలు, ఎన్ని మోదుగాకు విస్తర్లు. కుండల బొమ్మలు చక్కగా వచ్చాయి. వండే మనిషి బొమ్మ మాత్రం వేయలేదు.

బియ్యం పటేలు ఇచ్చాడు. ఆయన గురించి చెడ్డగా రాయడానికి నాకు చేయి రాదు, ఎందుకంటే ఆ చేయి ఆయన అన్నం తిన్నది. ఆయన ఇంటి ముందర్రలోనే నేను కిరాయి లేకుండా ఉండేవాణ్ణి, రెండు పూటలూ అక్కడే భోజనం. ఇంట్లో వాళ్ళకు కంచు కంచాలు, నాకు ముందు వసారాలాంటి దాలానంలో విస్తరి. రోజూ కొత్త ఆకు, ఎంత మర్యాద అనుకునేవాణ్ణి! పటేలుకు లోకంలో ప్రీతి అంటూ ఉంటే అది తిండి. ఎదురైనవాణ్ణి అందరూ "తిన్నవా?" అని అడుగుతారు, ఆయన "ఏం తిన్నవ్?" అని అడిగేవాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, నస్యం పీల్చకముందే గాలి పీల్చి, ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో చెప్పేవాడు. నా పటం చూసి మురిసిపోయాడు.

"బియ్యం నావి పంతులూ. పప్పు కాపోళ్ళ నడుగు. గని రెండు మాటలు. బువ్వ పొగలు గక్కాలె, సల్లటి బువ్వ పీనుగు లెక్క ఉంటది. ఇగ వండేది మన దిక్కు మనిషే కావాలె. ఎరికైందా?"

"ఎరికైంది పటేలా," అన్నాను. ఎరుక కాలేదు.

ముందు ఆయన ఇంట్లో వండే లచ్చవ్వ చేతనే ఒక కుండ వండించి చూశాను. ఆమె మొదటే మొత్తుకుంది: "నాకు నలుగురికి వండుడొస్తది బిడ్డా, ఊరుకు వండుడు రాదు. నన్ను సంపుతవా?" తెల్లవారి వండిన అన్నం మధ్యాహ్నం కుండ బోర్లిస్తే కుండ ఆకారంలోనే బయటికి వచ్చింది. మేస్త్రీ దాన్ని వేలితో పొడిచి చూసి, "సారూ, గిది గచ్చుకన్న మంచిగ బిగిసింది. పైన పోద్దామా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కాని కప్పు రోజు ఇంకా వారమే ఉంది.

కురుమ మల్లయ్య ఒక్కడే నవ్వలేదు. గొర్రెల మందతో ఊళ్ళు తిరిగిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. నన్ను పక్కకు పిలిచాడు. "సారూ, వాడల ఎస్తారమ్మ ఉన్నది గద. పట్నం తొవ్వల మిషను దవాఖానల ఇరవై ఏండ్లు వండింది. ఊరూరికి మందులిచ్చేటోళ్ళు పోతే, పొద్దుగాల వండి బండి మీద పంపేటిది. నేను గొర్రెలు తోలుకపోతాంటె ఓపాలి నాకూ పెట్టిన్రు. మూడు కోసులు పోయినా నోరు కాలింది."

"మరి పటేలు…"

"బువ్వకు కావాల్సింది వేడి. పటేలుకు కావాల్సింది ఇంకోటి. నీకేది గావాలె?"

ఎస్తేరమ్మను ఊళ్ళో ఎస్తారమ్మ అనేవారు. పేరులో విస్తరి వినపడే మనిషికి ఊళ్ళో ఏ విస్తరి ముందూ చోటు లేదు. మిషను దవాఖానా మూతపడ్డాక వెనక్కి వచ్చింది. భర్త లేడు, కొడుకు పోయాడు, ఇద్దరు చిన్న మనవరాళ్ళు. ఆమె గుడిసె ముందు అలికిన నేల మీద మెతుకు పడితే ఏరుకుని తినొచ్చు. లోపల దవాఖానా సబ్బు వాసన, బోర్లించిన అల్యూమినియం గిన్నెలు. చింతపండు గింజలు తీస్తూ నేను చెప్పిందంతా విన్నది.

"ఎంత మందికి?"

"నూటయాభై దాకా."

"ఎవలెవలు?"

"అందరు."

"అందరంటే ఎవలు సారూ? అందరని చెప్పిన కాడికి పోతే మేము అండ్ల లేకపోతిమి శానాసార్లు. ఇండ్ల పేర్లు చెప్పు."

చెప్పాను. ఆమె ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క గింజ పక్కన పెట్టింది. చివర తన వాడ పేరు వచ్చింది, దానికీ గింజ పెట్టింది. అప్పుడు తన మాట చెప్పింది. కొత్త గది అయ్యాక బడి పిల్లలకు పాలపొడి, రవ్వ ఉప్మా పెట్టే పథకం వస్తుందని బ్లాకు ఆఫీసు వాళ్ళు చెప్పి పోయారు. దానికి వండే మనిషి కావాలి. ఆ పని తనకు కావాలన్నది.

"ఊరు ఒప్పుకోవాలె గద ఎస్తారమ్మా."

"గందుకే నేను వండుత. ఊరు ఒక్కపాలి నా చేతి బువ్వ తిన్నదనుకో, రేపు ఏ నోటితోని కాదంటరు? గని సారూ, పేరు చెప్పాలె. తిన్నంక గాదు. ఇస్తరి మీద బువ్వ పడ్డంక, నోట్లెకు పోకముందు చెప్పాలె. తినేటోడు తింటడు, లేసేటోడు లేస్తడు. తిన్నంక చెప్తే దొంగతనంగ తినవెట్టినట్టయితది. గది నాకద్దు."

"చెప్త," అన్నాను.

"నువ్వే చెప్పాలె."

"నేనే చెప్త."

నా ధైర్యానికి కారణం నా పటమే. పటేలు ముక్కు సంగతి నాకు తెలుసు. వేడి అన్నం మీద పప్పు పడి ఆవిరి మొహానికి కొట్టాక ఆ మనిషి లేవలేడని నా లెక్క. ఆవిరి లేస్తే ఆచారం ఆవిరవుతుందనుకున్నాను. చెప్పాను కదా, లెక్కల సారును.

ఎస్తేరమ్మ ముందు ఒక చిన్న గిన్నెతో చేసి చూపించింది. ఆమె పద్ధతి ఇది. మెతుకు పట్టుకుంటే మధ్యలో పలుకు తగలాలి, అప్పుడే పొయ్యి మీంచి దింపాలి. గంజి మొత్తం వార్చకూడదు, అడుగున వేలెడు ఉంచాలి. మూత పెట్టి, చుట్టూ జొన్నపిండి ముద్దతో మెత్తి, గొంగడిలో చుట్టాలి. నేలలో గుంత తీసి, అడుగున ఊక, పక్కల వడ్లగడ్డి కూరి, గిన్నెను అందులో దించి, పైన ఇంకో గొంగడి, దాని మీద గడ్డి, ఆ పైన ఒక బండ. మిగతా ఉడుకు అన్నమే ఉడుక్కుంటుంది. పప్పులో మాత్రం పులుపు ముందు వేయకూడదు. వేస్తే పప్పు బిరుసెక్కుతుంది, మూత కింద పులిసిపోతుంది. చింతపండు రసం విడిగా కాచి, విప్పిన తర్వాత కలపాలి. మధ్యాహ్నం బడి గంట కొట్టాక గిన్నె విప్పితే నా కళ్ళద్దాలు మసకబారాయి. గొర్రెబొచ్చు వాసనలోంచి కొత్త బియ్యం వాసన లేచింది. ఆమె ఆకులో పెట్టి ఇచ్చింది. తిన్నాను. ఎక్కడ తిన్నానంటే, కొత్త గోడ వెనక, ఎవరూ రాని వైపు. ఆ సంగతి ఆమె చూసింది. అప్పుడే అర్థం చేసుకుని ఉండాల్సింది, పాపం. నన్ను నమ్మింది.

కప్పు రోజు తెల్లవారుజామున, కోడి కూసే వేళకే గోడ వెనక పొయ్యిలు వెలిగాయి. ఎస్తేరమ్మ, నేను, మల్లయ్య. మల్లయ్య తన ఇంటివీ, పాలివాళ్ళ ఇళ్ళవీ కలిపి ఎనిమిది గొంగళ్ళు తెచ్చాడు. పొద్దు పొడిచేసరికి దేగిసలన్నీ గుంతల్లో పడుకున్నాయి. పైన చెక్కలు మొదలయ్యాయి. టపటప, టపటప, మధ్యలో ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవడం, ఒకామె ఇంకోదాన్ని, "నీ చెక్క నిద్రపోతాంది లేపు!" అనడం. ఆ శబ్దం వింటూ ఆ పూటంతా నేను ఒక్క వాక్యం బట్టీ పట్టాను. "ఈ అన్నం ఎస్తారమ్మ వండింది." నాలుగు మాటలు. పిల్లలకు ఎక్కాలు బట్టీ పట్టించేవాణ్ణి నాలుగు మాటలు పట్టలేనా?

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. మొదటి వంతు దిగింది. నీడ పట్టున పటేలు, కాపు పెద్దలు. వాళ్ళ తర్వాత సాలెలు, కురుమలు. నాలుగు బారల ఖాళీ వదిలి, ఎండలో వాడ వాళ్ళు. వరసలు వేరైనా కుండ ఒక్కటే కదా అని సర్దుకున్నాను. మల్లయ్య బండ తీసి, గొంగడి విప్పి, పిండి చుట్టు పగలగొట్టాడు. ఆవిరి నిలువెత్తున లేచింది. పిల్లలు ఓ అని అరిచారు. పైన చెక్కలు ఒక్క క్షణం తాళం తప్పాయి. మేస్త్రీ తిట్టాడు, మళ్ళీ అందుకున్నాయి. నేను వడ్డించాను. ఎస్తేరమ్మ నాలుగడుగుల దూరంలో, పటేలుకు కనపడని గోడ మూలన, గంటె పట్టుకుని, ఉతికిన చీరలో నిలబడింది. నా వైపే చూస్తోంది.

పటేలు అన్నం మీద పప్పు పోయించుకుని కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. ముద్ద కలిపాడు. ముద్ద కలిపిన చేతితోనే అడిగాడు: "అబ్బ! ఎవలు వండిన్రు పంతులూ?"

ఇంతకన్నా తేలిక చేసి ఎవరూ అడగరు. నోరు తెరిచాను. ఈయన లేస్తే కాపులు లేస్తారు, వాళ్ళు లేస్తే పైన ఉన్న వాళ్ళ ఆడవాళ్ళు దిగుతారు, చెక్క ఆగితే కప్పు పగులుతుంది. ఇంత బాధ్యతగా ఆలోచించానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ క్షణంలో నాకు కనపడింది పటేలు ఇంటి దాలానం, రాత్రికి నాకోసం వేసే విస్తరి. అంతే.

"మా మేనత్త, పటేలా," అన్నాను. "నారాయణపేట నుంచి వచ్చింది."

"ఏది? ఏడున్నది?"

"సిగ్గెక్కువ. గోడెనక ఉన్నది."

"శానా మంచి చెయ్యి," అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు పటేలు. వరసంతా తినడం మొదలుపెట్టింది.

నేను తల తిప్పలేదు. కాని తిప్పాల్సి వచ్చింది, గంటె కావాలి కదా. ఆమె గంటెను దేగిస మూత మీద శబ్దం కాకుండా పెట్టింది. ఎండలో వాడ వాళ్ళ వరసలో మనవరాళ్ళు తింటున్నారు. వాళ్ళని లేపలేదు. ఆ పిల్లలు ఆకు నాకేదాకా అక్కడే నిలబడింది. తర్వాత ఇద్దరి చేతులూ పట్టుకుని నా పక్క నుంచి పోతూ, మెల్లగా, "సారూ, మీ మేనత్త మంచిగ వండింది," అన్నది. తను తినలేదు. రెండో వంతుకు ఆమె చెక్క కొట్టే చోటు ఖాళీగా ఉంది.

సాయంత్రం గొంగళ్ళు దులుపుతూ మల్లయ్య ఒక్క మాటే అన్నాడు: "గొర్రె గూడ మెడ మీద కత్తి వెడితే నోరిడుస్తది సారూ. నువ్వు గదన్న ఇడువలే." ఆయన అన్నది నన్ను పడుకోనివ్వలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ మర్నాడు తగిలింది. గచ్చుకు రెండో దఫా నీళ్ళు చల్లుతున్న ఆడవాళ్ళలో ఒకామె పైనుంచి వంగి, "సారూ, మీ మేనత్త దగ్గర గా దవాఖాన సబ్బు వాసనొస్తాందేంది?" అన్నది. కప్పు కప్పంతా నవ్వింది. వాళ్ళందరికీ తెలుసు. గోడ వెనక ఎవరు పొయ్యి వెలిగించారో ఊళ్ళో ఆడవాళ్ళకు తెలియకుండా ఉంటుందా? తెలిసే తిన్నారు. పేరు బయటికి రానంతసేపు తినడంలో తప్పు లేదు వాళ్ళకు. నేను ఆ పేరు చెప్పి ఉంటే ఎంతమంది లేచేవాళ్ళు? సగం మందా? కాపులేనా? పటేలు ఒక్కడేనా? ఎవరూ లేచేవాళ్ళు కాదేమో కూడా. ఎన్నో లెక్కలు చేశాను గాని ఆ ఒక్క సంఖ్య నాకు ఇప్పటికీ తెలియదు.

కప్పు పగల్లేదు. ఆ తర్వాత లేని మేనత్తకు ఊళ్ళో పేరొచ్చింది. ఎవరింట్లో శుభకార్యమైనా పటేలు, "మీ మేనత్తను పిలిపియ్యి పంతులూ," అనేవాడు. నేను ఆమెకు ఒకసారి మోకాళ్ళ నొప్పి తెప్పించాను, ఒకసారి యాత్రకు పంపాను, ఒకసారి కోడలి పురిటికి కూర్చోబెట్టాను. అబద్ధాన్ని పెంచడం పిల్లను పెంచడం కన్నా కష్టం, అది పెద్దదై ఎప్పటికీ ఇల్లు విడిచి పోదు. ఉప్మా పథకం వచ్చినప్పుడు పటేలు బ్లాకు ఆఫీసరుతో మా మేనత్త పేరే చెప్పాడు. పేరంటే పేరు కాదు, "సారు మేనత్త" అని. ఆమె రాకపోవడంతో లచ్చవ్వను పెట్టారు. లచ్చవ్వ ఉప్మా వారానికి మూడు రోజులు మాడేది. పిల్లలు పలకల మీద గీకి గీకి తినేవారు. ఆ మాడు వాసన కిటికీ లోంచి వస్తుంటే నేను భాగహారాలు చెప్పేవాణ్ణి, ఎవరి భాగం ఎవరికి పోయిందో తెలిసి కూడా. ఎస్తేరమ్మ రోడ్డు పనికి రాళ్ళు కొట్టడానికి పోయింది. ఎదురైతే, "మంచిగున్నవా సారూ?" అని ఆమే ముందు పలకరించేది. నేను రెండుసార్లు క్షమాపణ చెప్పాలని పోయాను. రెండుసార్లూ ఆమె వేరే సంగతి ఎత్తింది. ఒకసారి పిల్లల చదువు, ఒకసారి వానలు. తర్వాత నాకు రామన్నపేటకు బదిలీ అయింది.

ఇప్పుడు అందరూ అందరి డబ్బాల్లోనూ తింటున్నారని మా కోడలు గర్వంగా చెబుతుంది. నిజమే, మా కాలనీ విహారంలో నేను కళ్ళారా చూశాను. కాని మా ఇంట్లో వంట చేసే అమ్మాయి నీళ్ళు తాగే గ్లాసు కిటికీ అంచు మీద విడిగా బోర్లించి ఉంటుంది. ఆమె తన టిఫిను మెట్ల మీద కూర్చుని తింటుంది. ఆ రోజు హాట్‌బాక్సుల్లో ఉన్న పప్పు ఆమె వండిందే. ఎవరు వండారని పక్కింటాయన అడిగితే మా కోడలు నవ్వి, "మా ఇంట్లోదేనండీ," అన్నది. నేను అప్పుడూ దగ్గుతూ కూర్చున్నాను. ఎనభై ఏళ్ళు దాటాక ధైర్యం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దగ్గు వస్తుంది.

రామన్నపేటలో ఉండగానే ఒక పొద్దున మల్లయ్య కబురు పంపాడు. రాళ్ళ దుమ్ముకు దమ్ము పట్టి ఎస్తేరమ్మ పోయింది. బస్సెక్కి పోయాను. వాడ అవతల కిరస్తానీల బొందలగడ్డలో నలుగురితో పాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. మనవరాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టు ఊరుకున్నారు. అది న్యాయమే. తిరిగి బస్సు తొవ్వకు రావాలంటే పటేలు ఇంటి ముందు నుంచే రావాలి. మధ్యాహ్నం. మెట్టెక్కి గడప బయట ఆగాను. దాలానంలో పటేలు కంచం ముందు కూర్చున్నాడు. ముసలివాడైనా చూపు, ఆకలి తగ్గలేదు.

"ఓ పంతులూ! గడప బయటనే నిలవడ్డవేంది? రా, ఇస్తరేస్తరు. దోసకాయ పప్పు."

"మట్టికి పోయొస్తున్న పటేలా. మీద నీళ్ళు పోసుకోలే."

"పొద్దుగాల వాడల గంట కొట్టిన్రు. నువ్వేడికి పోయినవ్? ఎవలు పోయిన్రు?"

"మా మేనత్త."

ముద్ద చేతిలోనే ఆగింది. "గా మేనత్తనా? కప్పు దినం వండిన తల్లా?"

"అవు."

పటేలు కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ముద్దను కంచంలో పెట్టేశాడు. "గసుంటి బువ్వ పెట్టిన మనిషి పోతే, గీ పూట నాకు ముద్ద దిగుతదా పంతులూ?" అని చెంబు వంచి కంచంలోనే చేయి కడుక్కున్నాడు. ఆ ఇంటి నియమం నాకు ఏళ్ళ తరబడి దాలానంలోంచి చూసి తెలుసు. కంచంలో చేయి కడిగితే మళ్ళీ దీపం పెట్టేదాకా ఆ మనిషి మెతుకు ముట్టడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఒక్కొక్క వేలే కడుక్కున్నాడు. ఐదో వేలు కూడా అయ్యేదాకా ఆగాను.

"ఏడ పెట్టిన్రు? నారాయణపేటలనా?"

"కాదు పటేలా. గీ ఊళ్ళెనే. వాడ అవతల."

ఆయన చేయి చెంబు మీదే ఉండిపోయింది. అన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అప్పుడు అడిగాడు: "పేరేంది?"

"ఎస్తారమ్మ."

పటేలు నన్ను చూశాడు, నీళ్ళలో తేలుతున్న దోసకాయ పప్పును చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. అంతలో పటేలమ్మ లోపలి నుంచి వచ్చి కంచం చూసి, "ఏందయ్యా, సగం గూడ తినకపోతివి? చెయ్యి గూడ కడిగితివి! ఏమైంది? ఎవలు పోయిన్రు?" అని అడిగింది.

పటేలు నోరు తెరిచాడు. నేను కదలకుండా ఆయన మొహమే చూస్తున్నాను. ఆ నోరు అట్లా తెరుచుకోవడం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు.

"సారు మేనత్త పోయిందట," అన్నాడు.

అన్నేళ్ళు నేను ఒక్కణ్ణే మోసిన మేనత్తను ఆయనకు అప్పగించి, మెట్టు దిగి వచ్చేశాను.